ముసలితనం ఇంటి పంచాయితీ కాదు, సంఘం పంచాయితీ

1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్రలో నడిచిన కూలీల్లో ఇరవై ఏళ్ల పడుచువాళ్లు ఎందరో. వాళ్లకిప్పుడు డెబ్బై దగ్గరపడ్డది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసు కాల్పులకు ఎదురైన గోండు యువకులదీ అదే ఈడు. వెట్టి మానిపించిన చేతులు, కూలి రేట్లు పెంచిన చేతులు, బంజరు దున్నిన చేతులు ఇయ్యాళ కర్ర పట్టుకున్నాయి. ఆ పోరాటాల గురించి ప్రతి సభలో చెప్పుకుంటాం. ఆ మనుషులు ఈ పూట ఎవరింట్లో తింటున్నారో మాత్రం అడగం.

అడిగితే వచ్చే జవాబు ఇది: "ఈ నెల పెద్దోని వంతు, వచ్చే నెల చిన్నోని వంతు." చాలా ఇండ్లల్లో తల్లి ఒకరి దగ్గర, తండ్రి ఇంకొకరి దగ్గర. నలభై ఏళ్లు ఒకే గుడిసెలో కాపురం చేసిన ఆలుమగలు ముసలితనంలో పంపకానికొచ్చారు. నెలలో ముప్ఫై ఒకటో రోజు వస్తే ఆ ఒక్క దినం ఎవరు పెట్టాలని అన్నదమ్ముల నడుమ తగువు. పాత కరీంనగర్, పాత ఆదిలాబాద్ జిల్లాలు 2016లో ముక్కలై జిల్లాల పేర్లు పెరిగాయి గాని ఈ కథ అన్ని చోట్లా ఒకటే.

ఇట్లాంటి తగువు ముందుకొస్తే మన కార్యకర్తలేమంటారు? "అది ఇంటి పంచాయితీ, మనం జొరబడొద్దు" అంటారు. వీలునామా, గిఫ్టు దస్తావేజు, వారసత్వం అంటే "అవి ఉన్నోళ్ల ముచ్చట్లు, మనకెందుకు" అంటారు. ఈ రెండు మాటలతోనూ నాకు పేచీ ఉంది. వంద ఎకరాలవానికి వకీలున్నాడు, కాగితాలు చూసే మనిషున్నాడు, ఒక దస్తావేజు తప్పుపోతే ఇంకో పది ఉన్నాయి. ఇరవై గుంటలవానికి ఉన్నది ఒకటే కాగితం. ఒక్కసారి వేలు పెడితే అదీ పోయింది. రెక్కల్లో సత్తువ పోయిన నాడు కూలి మనిషికి మిగిలే బలం ఆ ఇరవై గుంటలే. అందుకని ముసలితనానికి ముందుచూపుతో కాగితాలు సరిచేసుకోవలసిన అవసరం వంద ఎకరాలవానికన్నా ఇరవై గుంటలవానికే ఎక్కువ.

కొడుకు ఎందుకు అడుగుతాడు?

కొడుకులందరూ కసాయివాళ్లని రాస్తే చప్పట్లు పడతాయి గాని నిజం చిక్కదు. జగిత్యాల, కోరుట్ల, నిర్మల్ పల్లెల నుంచి ఎడారి దేశాలకు పోయినవాడు ఏజెంటుకు కట్టిన అప్పుకే మిత్తి కడుతుంటాడు. సిరిసిల్ల సాంచాల మీద ఉన్నవానికి పని దొరికిన వారమే కూలి. ఆదిలాబాద్ పత్తి రైతుకు విత్తనం అప్పు, మందుల అప్పు, మీద వాన. వీళ్లు తండ్రి పట్టా అడిగేది సోకులకు కాదు.

పైగా సర్కారు పథకాలే అడిగిస్తున్నాయి. 2018లో వచ్చిన రైతుబంధు గాని, 2025 నుంచి దాని స్థానంలో వచ్చిన రైతుభరోసా గాని పట్టాదారు ఖాతాలోనే పడతాయి. 2018 ఆగస్టులో మొదలైన అయిదు లక్షల రైతుబీమా 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారుకే పెట్టారు. తండ్రికి అరవై దగ్గరపడగానే "బాపూ, నీ పేరు మీదుంటే బీమా రాదు, నా పేరు మీద చెయ్" అన్న మాట ఇంట్లో పుడుతుంది. ఆ మాటలో కపటం లేకపోవచ్చు. కాని 2020 నుంచి సాగుభూమి రిజిస్ట్రేషనూ పేరుమార్పూ తహసీల్దారు దగ్గరే ఒక్కనాటితో అయిపోతున్నాయి. పొద్దున వేలు పెట్టిన తండ్రి మాపటికి భూమి లేని మనిషి. ఆ రాత్రి నుంచి అతని బువ్వ కొడుకు దయ.

కొడుకు మంచివాడే అనుకుందాం. కాలం మంచిది కావొద్దూ? అతడు అప్పులపాలైతే భూమి అమ్ముడుపోతుంది. పరాయి దేశంలో ప్రాణం పోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అతని ఆస్తికి మొదటి తరగతి వారసులు భార్య, పిల్లలు, తల్లి. ఆ వరుసలో తండ్రి లేడు. తాను రాసిచ్చిన భూమిలోనే తండ్రికి గుంట కూడా తిరిగి రాదు.

గిఫ్టు వేరు, వీలునామా వేరు

ఈ రెంటి తేడా ప్రతి కూలీ ఇంట్లో తెలిసి ఉండాలి. గిఫ్టు దస్తావేజు రిజిస్టరైన నాడే హక్కు దాటిపోతుంది. తర్వాత మనసు మారినా ఇచ్చినాయన ఒక్కడే పోయి రద్దు చేసుకోలేడు. వీలునామా అట్లా కాదు. రాసిన మనిషి కన్నుమూసిన తర్వాతే అది అమలుకొస్తుంది. బతికున్నన్నాళ్లు భూమి అతనిదే, పాసుపుస్తకం అతనిదే. ఎన్నిసార్లయినా మార్చి రాయొచ్చు, ఆఖరున రాసింది చెల్లుతుంది.

వీలునామాకు స్టాంపు కాగితం అక్కరలేదు, తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. సబ్ రిజిస్ట్రారు దగ్గర చేయిస్తే రేపటి తగువులో బలంగా నిలుస్తుంది. 1925 నాటి భారత వారసత్వ చట్టం అడిగేవి ముఖ్యంగా రెండు: రాసిన మనిషి సంతకమో వేలిముద్రో ఉండాలి, అది చూసిన ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. సాక్షులుగా వాటా వచ్చేవాళ్లను పెట్టొద్దు. రాసినాయన కన్నా చిన్న వయసువాళ్లను పెట్టుకుంటే రేపు సాక్ష్యం చెప్పడానికి ఉంటారు. చదువురాని మనిషైతే చదివి వినిపించామని కూడా రాయాలి. సర్వే నంబరు, గుంటలు, ఇంటి నంబరు, ఎవరికి ఎంత అన్నది పేరుపేరునా ఉండాలి. తాతలనాటి ఉమ్మడి భూమైతే తన పాలు వరకే రాయగలడు. ముస్లిం కుటుంబాల్లో మూడో వంతు మించి రాసినా, వారసుల్లో ఒక్కరికే రాసినా, మిగతా వారసులు ఒప్పుకుంటేనే చెల్లుతుంది.

వీలునామా రాస్తే చావును పిలిచినట్టని మన పల్లెల్లో ఒక భయం. రాయని ఇండ్లల్లో చావు ఆగిందా? పాడె లేవకముందే పంపకం తగువు లేచిన ఇండ్లు మన కండ్ల ముందే ఉన్నాయి.

ఇవ్వక తప్పని పరిస్థితి కొన్ని ఇండ్లల్లో ఉంటుంది. అప్పుడు గిఫ్టు దస్తావేజులోనే షరతు రాయించాలి: "నేను, నా భార్య బతికున్నంతకాలం తిండి, బట్ట, ఉండ జాగ, వైద్యం చూసుకోవాలె. చూసుకోకుంటే ఈ గిఫ్టు రద్దు." ఉన్న భూమి మొత్తం కాకుండా ఇంత ముక్క, ఉండే ఇల్లు తమ పేరునే ఉంచుకోవాలి. ఇది కొడుకును అనుమానించడం కాదు. పెద్ద ఆసామి దగ్గర జీతానికి కుదిరేటప్పుడు నోటిమాట నమ్మొద్దని చెప్పేది మనమే. ఆ జాగ్రత్తే ఇంట్లోనూ కావాలి.

రాసిచ్చినోళ్లకు దారి

ఇప్పటికే రాసిచ్చి వాకిట్లో కూర్చున్నవాళ్ల సంగతేమిటి? 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఉంది. అరవై నిండిన వాళ్లందరికీ వర్తిస్తుంది. తల్లిదండ్రులకైతే అరవై నిండాలన్న లెక్క కూడా లేదు. దరఖాస్తు ఇవ్వవలసింది కోర్టులో కాదు, ఆర్డీఓ దగ్గర. జగిత్యాల, హుజూరాబాద్, మంథని, నిర్మల్, ఉట్నూరు, బెల్లంపల్లి, ఎవరి డివిజనుకు వాళ్ల ఆర్డీఓ. వకీలును పెట్టుకోవలసిన పని లేదు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే ఇంకో 30 రోజులు. నెలకు రూ.10,000 దాకా పోషణ ఖర్చు ఇప్పించవచ్చు. కొడుకులకే కాదు, సంపాదన ఉన్న బిడ్డలకూ బాధ్యత ఉంది. పిల్లలు లేనివాళ్లకైతే వాళ్ల ఆస్తి అనుభవిస్తున్న, లేదా రేపు పొందబోయే బంధువుదే బాధ్యత. ఆర్డరు ధిక్కరిస్తే వారంటు, నెల దాకా జైలు. ముసలివాళ్లను ఎక్కడో వదిలేసి పోతే మూడు నెలల దాకా జైలు, లేదా రూ.5,000 దాకా జరిమానా, లేదా రెండూ. ఆర్డీఓ దగ్గర న్యాయం దొరకలేదనుకుంటే 60 రోజుల్లో కలెక్టరు దగ్గర అప్పీలు.

ఈ చట్టంలో 23వ సెక్షను మనకు ఆయువుపట్టు. చూసుకుంటానన్న షరతు మీద ఆస్తి తీసుకుని చూసుకోకపోతే, ఆ రాతను మోసంతో చేయించుకున్నదిగా లెక్కించి రద్దు చేయవచ్చు. ఇక్కడే ఒక మెలిక. షరతు ఉన్నట్టు చూపలేకపోతే రద్దు కుదరదని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. 2025 జనవరి 2న ఇంకో తీర్పులో మధ్యప్రదేశ్ తల్లి ఒకామె గిఫ్టును రద్దు చేసి ఆస్తి తిరిగి ఇప్పించింది. ఈ చట్టాన్ని ముసలివాళ్లకు మేలు జరిగేట్టు చదవాలని కూడా అన్నది. ఆ తల్లి దగ్గర కొడుకు రాసిచ్చిన ఒక హామీపత్రం ఉంది. ఆమెను గెలిపించిన వాటిలో ఆ కాగితం ముఖ్యమైనది. కాబట్టి వేలు పెట్టిన రోజే కొడుకు చేత కూడా వేలు పెట్టించుకోవాలి.

సంఘం కార్యకర్తలు గుర్తుపెట్టుకోవలసిన మాట ఇంకోటుంది. ముసలి మనిషి స్వయంగా దరఖాస్తు పెట్టుకోలేకపోతే, ఆమె అధికారమిచ్చిన మనిషి గాని, చట్టప్రకారం రిజిస్టరైన సంఘం గాని ఆమె తరఫున పెట్టవచ్చని ఈ చట్టమే చెబుతుంది. "ఇంటి పంచాయితీ" అని మనం తప్పించుకుంటున్న పనిని చట్టం మన చేతికి ఇచ్చింది!

ఏ భూమికి ఏ మెలిక

మన దగ్గరి పేదల భూములన్నీ ఒక రకం కావు. సర్కారు పంచిన అసైన్డు భూమి ఉంది. 1977 నాటి చట్టం ప్రకారం దాన్ని అమ్మరాదు, కుదువ పెట్టరాదు, గిఫ్టుగా కూడా ఇవ్వరాదు. కాని వారసులకు వస్తుంది, వీలునామాను ఆ చట్టం నిషేధించలేదు. కొడుకు పేర గిఫ్టు రాస్తే లావుణి పట్టాకే ముప్పు, వీలునామా రాస్తే పట్టా నిలుస్తుంది. ఈ సంగతి తెలియక ఎందరు తిప్పలు పడుతున్నారో!

ఆదిలాబాద్, ఆసిఫాబాద్ అడవి ఊళ్లలో పోడు పట్టా ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన ఈ పట్టా వారసత్వంగా వస్తుంది గాని అమ్మకానికి పనికిరాదు. ఆలుమగలిద్దరి పేరునా ఉండాలని చట్టం. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి పంచిన పట్టాల్లో ఆడమనిషి పేరుందో లేదో ఇంటింటికీ చూడాలి. ఏజెన్సీలో 1959 నాటి భూబదలాయింపు నిబంధన, 1970 సవరణ ఉన్నాయి కాబట్టి గిరిజనేతరుని పేర ముసలివాళ్ల చేత రాయించే అమ్మకం, కుదువ, గిఫ్టు కాగితాలేవీ చెల్లవు. మందుల ఖర్చుకని అప్పిచ్చి వేలు పెట్టించుకునే వడ్డీ వ్యాపారి ముందు ఈ మాట గట్టిగా చెప్పాలి.

ఇక తెల్లకాగితం మీద కొన్న సాదా బైనామా భూములు. 2020 అక్టోబరు, నవంబరులలో సుమారు తొమ్మిది లక్షల దరఖాస్తులు పడ్డాయి. కోర్టులో ఆగి, 2025 సెప్టెంబరులో ఉత్తర్వు వచ్చి కదిలాయి. నలభై ఏళ్ల కింద కొన్నవాడు, అమ్మినవాడు, సాక్షి ముగ్గురూ ముసలివాళ్లే. ఒక్కొక్కరు పోతుంటే ఒక్కొక్క సాక్ష్యం మట్టిలో కలుస్తుంది. వాళ్లు బతికుండగానే వాంగ్మూలాలు రాయించి పెట్టుకోవాలి.

అవ్వల పాలు

తండ్రి పోతే విరాసత్ కొడుకుల పేరునే చేయించడం మన దగ్గర ఆనవాయితీ. అవ్వను, ఆడబిడ్డలను ఎవరూ అడగరు. ధరణి రోజుల్లో వారసుల ఒప్పందమని ఒక కాగితం పెట్టి పని కానిచ్చారు, తప్పని చెప్పుకోవడానికి సివిల్ కోర్టు తప్ప దిక్కు లేకపోయింది. 2025 ఏప్రిల్ 14న అమలుకొచ్చిన భూభారతి చట్టంలో వారసులందరికీ నోటీసు ఇచ్చి విచారించాలని ఉంది. తహసీల్దారు మీద ఆర్డీఓకు, ఆ పైన కలెక్టరుకు అప్పీలు ఉంది. నోటీసు వచ్చిందని తెలిసీ అవ్వ నోరు మూసుకుంటే ఆ చట్టమూ ఏమీ చేయలేదు.

హిందూ చట్టం కింద తండ్రి రాయకుండా పోతే అవ్వకు కొడుకులతో సమానంగా పాలు ఉంది. బిడ్డలకూ అంతే. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు పుట్టుకతో హక్కని మన రాష్ట్రం 1985లో సవరణ తెచ్చింది, 2005లో దేశమంతటా వచ్చింది. కొడుకు ముందే పోతే కొడుకు ఆస్తిలో కూడా తల్లి మొదటి తరగతి వారసురాలు. దుబాయి, మస్కట్ నుంచి పెట్టె వచ్చిన ఇండ్లల్లో కోడలికి, పిల్లలకు దక్కవలసింది దక్కాలి, తల్లికీ ఆమె పాలు దక్కాలి. ఒకరి నోటి ముద్ద తీసి ఇంకొకరికి పెట్టమని మనం చెప్పడం లేదు.

గోండు, కోలాం, నాయక్‌పోడ్ కుటుంబాలకు హిందూ వారసత్వ చట్టం వర్తించదు, వాళ్ల ఆచారం నడుస్తుంది. ఆ ఆచారం పేరు చెప్పి ఆడమనిషికి వాటా లేదనడం సమానత్వానికి విరుద్ధమని 2025 జులై 17న సుప్రీంకోర్టు ఒక గోండు కుటుంబం కేసులోనే తీర్పు చెప్పింది. ఈ మాట గూడేలకు చేరాలి, పటేల్ ముందు కూర్చుని మాట్లాడుకోవాలి.

గుంట భూమి లేనోళ్లు

ఇంతవరకు చెప్పిందంతా ఎంతో కొంత ఉన్నవాళ్ల సంగతి. ఏమీ లేనివాళ్ల సంగతి ఈ చట్టాలతో తెగదు. తల్లిదండ్రులను చూడని ప్రభుత్వోద్యోగుల జీతంలో పది శాతం కోసి వాళ్లకిచ్చే చట్టం తెస్తామని ముఖ్యమంత్రి 2025 అక్టోబరులో ప్రకటించారు. జీతమున్న కొడుక్కు అది సరే. అడ్డా మీద నిలబడే కొడుక్కు కోసేందుకు జీతమెక్కడిది? రెక్కాడితే డొక్కాడని కొడుకు మీద ఆర్డీఓ ఆర్డరు వేసినా అది కాగితం మీదే ఉంటుంది. 2007 చట్టంలోని లోటు ఇదే. ముసలితనం భారమంతా కుటుంబం నెత్తిన పెట్టింది. రాజ్యాంగం 41వ అధికరణం వృద్ధాప్యంలో సహాయం చూడవలసింది రాజ్యమని రాసి ఉంది.

రాజ్యం ఏం చూస్తున్నది? కేంద్రం వృద్ధాప్య పింఛనుకు ఇచ్చే వాటా 79 ఏళ్ల దాకా నెలకు రూ.200, ఎనభై నిండితే రూ.500. 2014లో రాష్ట్రం ఆసరా పెట్టి వెయ్యి చేసింది, 2019లో రూ.2,016 చేసింది. 2023 ఎన్నికల్లో నాలుగు వేలన్న హామీ వచ్చింది. వృద్ధాప్య పింఛను ఇంటికొకటే అన్నది ఆసరా నిబంధన. అవ్వ తింటే తాత పస్తుండాలా? జీవితమంతా ఇద్దరూ కూలికి పోయారు, ఇద్దరి రెక్కలూ అరిగాయి. బీడీలు చేసిన అక్కలకు పదేళ్ల పీఎఫ్ సర్వీసుంటే 58 ఏళ్లకు పింఛను వస్తుంది. 2014 సెప్టెంబరులో దానికి పెట్టిన కనీసం నెలకు రూ.1,000. అదీ కార్డులో పేరు, ఆధార్‌లో పేరు కలవలేదని ఆగిపోయినవాళ్లు ప్రతి బీడీ ఊళ్లో ఉన్నారు. కాగితం దిద్దించడం ఒక పని, రేటు పెంచమని కొట్లాడడం ఇంకో పని. ఒకటి చేసి ఇంకోటి మానితే కుదరదు.

సంఘం చేయవలసింది

ఊరికి ఇద్దరు కార్యకర్తలు ఒక నోటుబుక్కు పట్టుకుని అరవై దాటిన ప్రతి ఇంటికీ పోవాలి. భూమి ఎవరి పేరు మీద ఉంది, ఏ రకం పట్టా, ఇల్లు ఎవరిది, పింఛను వస్తున్నదా, బ్యాంకు ఖాతాకు నామినీ ఉన్నారా, పీఎఫ్ ఉందా, ఈ ఆరు ప్రశ్నలు చాలు. నామినీ అంటే పైసలు తీసి వారసులకు అందించే మనిషే గాని సొంతదారు కాదని కూడా చెప్పాలి. ఎవరైనా పట్టా మార్పిడికి తహసీల్ ఆఫీసుకు పోతుంటే ముందుగా సంఘానికి ఒక మాట చెప్పమనాలి. రాసిచ్చి మోసపోయినవాళ్ల తరఫున ఆర్డీఓ దగ్గర దరఖాస్తు మనమే రాయాలి, వాయిదా రోజున వెంట పోవాలి. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు న్యాయసేవాధికార సంస్థలో వకీలు ఉచితం, ఆదాయం లెక్క అడగరు. ముసలివాళ్లకోసం 14567 ఫోను నంబరుంది, ప్రతి పంచాయతీ గోడ మీద రాయించండి.

కొడుకుతో కూడా మాట్లాడాలి. అతన్ని నలుగురిలో నిలబెట్టి అవమానిస్తే రాత్రి ఆ కోపం ముసలామె కంచం మీదే పడుతుంది. అతని అప్పు, అతని కూలి, అతని గల్ఫ్ తిప్పలు కూడా మన సంఘం సమస్యలే. అతనికి కూడా రేపు అరవై వస్తుందని గుర్తు చేయాలి. రైతుబీమాకు 59 ఏళ్ల హద్దు తీసేయమని, పింఛను ఆలుమగలిద్దరికీ ఇవ్వమని, కేంద్రం తన 200 పెంచమని డిమాండు పెట్టినప్పుడు ఆ కొడుకునే ముందు వరసలో నడిపించాలి.

ఈ నెల మన గ్రామ కమిటీ సమావేశాల్లో కూలి రేట్ల తర్వాత రెండో అంశంగా దీన్ని పెట్టండి. ముసలివాళ్లను సమావేశానికి పిలవండి. వినడానికే కాదు, మాట్లాడడానికి పిలవండి.